సర్పంచ్‌గా నిలబడే మనిషి ఏ దేవుణ్ణి మొక్కుతాడో మనం చూడాలా?

నీలగిరి నాగలి:
మాది దేవరకొండ వైపు ఒక పంచాయతీ. ఈసారి సీటు జనరల్ అయింది. ఇద్దరు గట్టిగా నిలబడ్డారు. ఒకాయన రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. రెండో ఆయన బోరు మోటార్లు రిపేర్ చేసే మనిషి. ఎండాకాలం మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఆగిపోతే ట్యాంకు దగ్గర అర్ధరాత్రి దాకా ఉండి వాల్వ్ బాగుచేసింది ఈయనే. పింఛన్ రాని ముసలోళ్ల కాగితాలు పట్టుకుని మండలాఫీసు చుట్టూ తిరిగేదీ ఈయనే. మొన్నటిదాకా ఊళ్లో ఎవరిని అడిగినా ఈయన పేరే చెప్పారు.

ఆయన ఆదివారం చర్చికి వెళ్తాడని అందరికీ తెలుసు, కొత్త సంగతేం కాదు. కానీ నామినేషన్ వేసిన రాత్రే, ఆయన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్న ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. ఊరి నడుమ పాతి మొక్కే బొడ్రాయి గురించి కింద ఒక్కటే ప్రశ్న: "ఈయన గెలిస్తే బొడ్రాయి దగ్గర కొబ్బరికాయ ఎవరు కొడతారు?" అప్పటి నుంచి ఊళ్లో ఇదే ముచ్చట. నీళ్లు, మోరీలు, పింఛన్లు అన్నీ పక్కకు పోయాయి. మా అమ్మ కూడా "ఊరి దేవతకు మొక్కనోడు ఊరికేం చేస్తడు బిడ్డా" అంటోంది.

నాకైతే ఇది అన్యాయం అనిపిస్తోంది. మనిషి తన ఇంట్లో ఎవరిని మొక్కితే మనకేంటి? రేపు సర్పంచ్ సంతకం పెట్టేది ప్రార్థన పుస్తకం మీద కాదు, చెక్కు మీద. కానీ అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. మీ ఊళ్లలో ఇలాంటివి ఎలా తేలాయి?

హాలియా రైతుబిడ్డ:
అన్నా, మీ అమ్మగారి మాటను అంత తేలిగ్గా తీసేయొద్దు. మా ఊళ్లో బొడ్రాయి పండుగ చేసినప్పుడు పెళ్లిళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలుచుకున్నాం. ఇంటింటికీ చందా వేశాం. చివరి రోజు ఊరు కట్టేస్తారు. లోపలోళ్లు బయటికి, బయటోళ్లు లోపలికి రాకుండా పొలిమేర మీద మనుషులు నిలబడతారు. అట్లాంటి రోజు పీటల మీద కూర్చునేది సర్పంచ్ దంపతులే. మా దగ్గర సర్పంచ్ అంటే పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఒక్కటే కాదు, ఊరి తరఫున దండం పెట్టే మనిషి కూడా. ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ బాధ్యత లేదు, కాబట్టి వాళ్ల మతం గురించి నేను అడగను. సర్పంచ్ గురించి అడుగుతాను. అది ద్వేషం అంటే నేనొప్పుకోను.

ఇంకో మాట. మనిషి నమ్మకం, నడవడిక వేరు వేరు కాదు. తాగనని, అబద్ధమాడనని దేవుడి మీద నమ్మకంతోనే కదా చాలామంది నిలబడేది. మంచి పనికి నమ్మకం కారణమైనప్పుడు మెచ్చుకుని, మిగతా చోట అది చూడొద్దంటే ఎట్లా?

జాన్‌పహాడ్ దారి:
మాది పాలకవీడు మండలం. జాన్‌పహాడ్ సైదులు దర్గా మాకు దగ్గర. మా ఇంటి చుట్టుపక్కల సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేరున్నోళ్లు ఎంతమందో లెక్కలేదు. అందరూ హిందువులే. పిల్లలు కాకపోతే దర్గాకు మొక్కుకున్నారు, పుట్టాక ఆ పేరు పెట్టుకున్నారు. జనవరిలో ఉర్సుకు మేకపోతును తోలుకెళ్లి కందూరు చేసి బంధువులకు అన్నం పెట్టని ఇల్లు మా ఊళ్లో తక్కువ. ఇక పీర్ల పండుగ, అంటే మొహర్రం. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో పీర్లను ఎత్తుకునేది ఎవరు? యాదవులు, గౌండ్లు, ముదిరాజులు. అలావ్ నిప్పుల గుండం చుట్టూ ఆడేదీ వాళ్లే.

ఇప్పుడు చెప్పండి, కందూరు చేసిన సైదులు సర్పంచ్‌గా నిలబడితే ఆయనది ఏ మతం అని రాయాలి? మన తాతలు ఇట్లా గీతలు గీసి చూడలేదు. ఫొటో పెట్టి ప్రశ్న రాసినాయనే కొత్తగా గీస్తున్నాడు.

హాలియా రైతుబిడ్డ:
జాన్‌పహాడ్ అన్నా, మీరు చెప్పింది నిజం. మేమూ కందూరు చేసినోళ్లమే. కానీ ఒక తేడా ఉంది. దర్గాకు పోయిన హిందువు మళ్లీ ముత్యాలమ్మకు బోనం ఎత్తుతాడు. కొందరు మతం మారినాక ప్రసాదం కూడా ముట్టరు. "మీవి రాళ్లు, మీవి దయ్యాలు" అని మా వాడలో మైకు పెట్టి చెప్పినోళ్లున్నారు. మా నాయన ఆ మాట విని అన్నం తినకుండా లేచిపోయిండు. అట్లా మాట్లాడిన మనిషి నిలబడితే, నమ్మకం ఆయన సొంత విషయం అని నేను కళ్లు మూసుకోవాలా?

నీలగిరి నాగలి:
అట్లా మైకులో అన్నోడికి నేనూ ఓటెయ్యను. కానీ అది ఆయన నమ్మకానికి వేసే శిక్ష కాదు. తనలా మొక్కని జనాన్ని చులకన చేసినందుకు. మా దగ్గర నిలబడ్డాయన పదేళ్లలో ఎవరి దేవుణ్ణీ ఒక్క మాట అనలేదు. పోయిన బోనాలకు గుడి దగ్గర మోటారు కాలిపోతే పిలవగానే వచ్చి బాగుచేసి పోయిండు. తీర్థం తీసుకోలేదు, నిజమే. చేతులు జోడించి పోయిండు. అదొక్కటి చాలదా?

అచ్చంపేట అడ్వకేట్:
చట్టం ఏమంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే గందరగోళపడతారు. ఓటరు మనసులో ఏం పెట్టుకుని ఓటేశాడో అడిగే హక్కు ఎవరికీ లేదు. ఓటు రహస్యం. మతం చూసి వేసినా, ముఖం చూసి వేసినా, పని చూసి వేసినా ఆ ఓటు చెల్లుతుంది. చట్టం చెయ్యి అడ్డం పెట్టేది ఓటు అడిగేవాళ్లకు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది. అందులో సెక్షన్ 123(3) ప్రకారం మతం పేరు చెప్పి "నాకు వెయ్యండి" అన్నా, "వాడికి వెయ్యకండి" అన్నా అది అవినీతి చర్య. అభ్యర్థి అన్నా, ఆయన ఏజెంటు అన్నా, ఆయన ఒప్పుకోలుతో ఇంకొకరన్నా అంతే. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేసి రుజువు చేస్తే గెలిచిన ఎన్నిక రద్దవుతుంది. ఆరేళ్ల దాకా అనర్హత కూడా పడొచ్చు.

అక్కడ మతం అంటే ఎవరి మతం అని చాలా ఏళ్లు వాదన నడిచింది. అభ్యర్థి మతమా, ఓటరు మతమా? 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు 4-3 తేడాతో తేల్చారు: అభ్యర్థిది, ప్రత్యర్థిది, ఓటరుది, ఏ మతం పేరు మీద అడిగినా తప్పే. వ్యతిరేకంగా రాసిన ముగ్గురి మాటలోనూ ఆలోచించాల్సింది ఉంది. మతం వల్ల, కులం వల్ల అన్యాయం జరిగినోళ్లు ఆ బాధను ఎన్నికల్లో చెప్పుకోకపోతే ఎక్కడ చెప్పుకుంటారని వాళ్లడిగారు.

ఆ చట్టం పంచాయతీకి నేరుగా వర్తించదు. దానికి పంచాయతీరాజ్ చట్టం వేరే ఉంది, రాష్ట్ర ఎన్నికల సంఘం నియమావళి ఉంది. అక్కడా మతం పేరుతో ఓట్లడగడం కుదరదు. నాగలి గారూ, ఆ వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచిపెట్టండి. అభ్యర్థి మనుషులు పెట్టారని తేలితే ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

మోడరేటర్:
ఆ ఫొటోను ఒక సభ్యుడు ఇక్కడ కూడా పెట్టారు. తీసేశాం. ఊరి పేరు, మనిషి పేరు రాయకండి. ఒకరు ప్రార్థన చేసుకుంటుంటే చాటుగా తీసిన ఫొటో ఏ వాదనకూ సాక్ష్యం కాదు.

పాలమూరు వలస:
నేను పుణెలో సెంట్రింగ్ పని చేస్తాను. మాది నారాయణపేట దిక్కు. ఓటుకు బస్సు పెట్టి పిలుచుకుపోతారు, పోయి వేసి వస్తాం. ఇక్కడ అందరూ అభ్యర్థి భక్తి గురించి మాట్లాడుతున్నారు. ఓటరు భక్తిని వాడుకునే సంగతి ఎవరూ ఎత్తలేదు.

పోయిన ఎన్నికల్లో రాత్రి పొద్దుపోయాక ఇద్దరు మా ఇంటికి వచ్చారు. పళ్లెంలో పసుపు బియ్యం, దాని మీద చిన్న దేవుడి పటం, పక్కన కర్పూరం. ఓటరు స్లిప్పులో మడిచిన నోట్లు. మా అమ్మను పటం మీద చెయ్యి పెట్టించి "ఈ గుర్తుకే వేస్తా" అని ఒట్టు వేయించుకున్నారు. ఆ పైసలు వద్దనే ధైర్యం మా అమ్మకు లేదు. పొద్దున బూత్ దగ్గర ఆమె చేతులు వణుకుతున్నాయి. "నీకు నచ్చినోళ్లకు వెయ్యమ్మా, ఎవరూ చూడరు" అన్నాను. "దేవుడు చూస్తడు కదా" అంది. ఒట్టు తప్పితే నా పిల్లలకేమైతదో అని ఆమె భయం. ఆ రోజు ఆమె ఓటు ఆమెది కాదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అచ్చంపేట అడ్వకేట్:
తమ్ముడూ, మీ అమ్మగారికి జరిగింది చట్టం కళ్లకు మామూలు లంచం కూడా కాదు. అంతకన్నా ఎక్కువ. అదే సెక్షన్ 123లో రెండో క్లాజు ఉంది. ఓటరుకు గానీ, ఓటరు తన వాళ్లనుకునే మనిషికి గానీ దేవుడి ఆగ్రహం తగులుతుందని నమ్మించి ఓటు రాబట్టడం "అనుచిత ప్రభావం" కిందికి వస్తుంది. పైసలిచ్చిన నేరం వేరు, ఒట్టు వేయించిన నేరం వేరు. రెండూ కలిపి ఒకే పళ్లెంలో తెచ్చారు. మళ్లీ వస్తే ఫోన్‌లో ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్ తెరిచి అక్కడికక్కడే వీడియో తీసి పంపండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు అది పని చేస్తుంది. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లెక్క. అమ్మకు మాత్రం ఒకటి చెప్పండి: భయపెట్టి వేయించుకున్న ఒట్టుకు ఏ దేవుడూ సాక్షి ఉండడు.

నకిరేకల్ టీచరమ్మ:
ఇప్పటిదాకా అందరూ మతం చూడాలా వద్దా అన్నారు. చట్టమే మతం చూసే చోటు ఒకటుంది. మా నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్ ఎస్సీ రిజర్వుడు సీట్లు. నాగర్‌కర్నూల్ లోక్‌సభ కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువుగా ఉంటేనే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపులోకి వస్తారు. ఎస్టీలకు ఈ షరతు లేదు. దేవరకొండ ఎస్టీ సీటులో చర్చికి వెళ్లే లంబాడా అన్న నిలబడొచ్చు, అదే జిల్లా నకిరేకల్‌లో చర్చికి వెళ్లే మాదిగ అన్న ఎస్సీగా నిలబడలేడు. మతం మారిన మాదిగ, మారని మాదిగ ఊరి బయట ఒకే వాడలో పుట్టి, ఒకే మాట పడి పెరిగిన అన్నదమ్ములు. ఒకరు బాప్టిజం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఎవరైనా ఆయన్ను వేరేగా చూశారా? టీ గ్లాసు వేరేగా పెట్టడం మానేశారా?

దీనివల్ల జరిగేదేంటంటే, నమ్మకాన్ని దాచుకుంటారు. నామినేషన్ దగ్గరపడగానే గోడ మీది సిలువ బొమ్మ పెట్టెలోకి పోతుంది. ప్రత్యర్థులు ఆ పెట్టె కోసమే వెతుకుతారు. దళిత క్రైస్తవుల సంగతి చూడమని కేంద్రం 2022 అక్టోబర్‌లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. మతం మారినా కులం పోలేదని ఆ వాడల్లోకి వచ్చి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఒక మనిషిని తన దేవుడి పేరు చెప్పుకోలేని స్థితిలో నిలబెట్టి, ఆ తర్వాత "నీది ఏ మతమో నిజం చెప్పు" అని అడగడం నాకు చాలా బాధగా ఉంటుంది.

హాలియా రైతుబిడ్డ:
టీచర్ గారూ, దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎస్సీ హోదాలో మారినోళ్లను కలిపితే ఉన్న సీట్లలో, ఉద్యోగాల్లో మాకు వాటా తగ్గుతుందని మా ఊరి మాల, మాదిగ పిల్లలే అంటారు. అది కూడా వాళ్ల కడుపు మాటే.

నకిరేకల్ టీచరమ్మ:
అంటారు, నేనూ విన్నాను. ఆ భయాన్ని కాదనను. వాటా ఎంతో తేల్చాలి, మనిషిని దాక్కునేలా చేయకూడదు అంటున్నాను.

సూర్యాపేట పెద్దాయన:
నా వయసు డెబ్బై దాటింది, కాస్త పెద్దగా రాస్తే ఏమీ అనుకోకండి. ఈ జిల్లాకు ఇది కొత్త ప్రశ్న కాదు. 1952లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి లోక్‌సభకు నిలబడ్డారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. కమ్యూనిస్టుకు దేవుడి మీద నమ్మకం ఉండదని ఓటేసినవాళ్లకు తెలియదా? తెలుసు. వాళ్ల ఇళ్లలో పటాలున్నాయి, మొక్కులున్నాయి. అయినా వేశారు, ఎందుకంటే వెట్టి నుంచి విడిపించింది ఎవరో వాళ్లకు తెలుసు.

అదే ఏడు హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మఖ్దూం మొహియుద్దీన్ గెలిచారు. హైదరాబాదులో ఉండే ఉర్దూ కవి. హుజూర్‌నగర్ పల్లెల్లో ఉర్దూ వచ్చినోళ్లు ఎంతమంది? అంతకు నాలుగేళ్ల ముందే రజాకార్లు ఈ ఊళ్లు తగలబెట్టారు. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. అట్లాంటి చోట ముస్లిం పేరున్న మనిషిని గెలిపించారు మా పెద్దలు. రజాకారుకూ మఖ్దూంకూ తేడా తెలుసుకోవడానికి వాళ్లకు చదువు అక్కరలేకపోయింది.

1996 సంగతి మీలో కొందరికి గుర్తుండాలి. నల్గొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జనం గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లే ఎక్కువ. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. ఆ 480 మందిలో ఎవరు ఏ గుడికి పోతారని అడిగిన మనిషిని నేను చూడలేదు. మర్రిగూడ, నాంపల్లి వైపు నడుం వంగిన పిల్లల్ని చూసినవాళ్లెవరికీ ఆ ప్రశ్న నోట్లోంచి రాదు. నీళ్లు ఎవరు తెస్తారన్నదే ప్రశ్న.

హాలియా రైతుబిడ్డ:
పెద్దాయనా, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ అప్పుడు దొరలు ఒకవైపు, జనం ఒకవైపు. గీత స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఇద్దరు అభ్యర్థులూ నీళ్లు తెస్తామనే అంటారు, ఇద్దరూ సీసీ రోడ్లు వేస్తామనే అంటారు. హామీలన్నీ ఒకే తీరుగా ఉంటే మనిషిని దేన్నిబట్టి తూచాలి? ఆయన దేనికి భయపడతాడు, దేని ముందు తలవంచుతాడు అని చూడటం తప్పెట్లా అవుతుంది?

గద్వాల కోట:
తూచండి, ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచండి. నాగలి గారి ఊళ్లో కాంట్రాక్టర్ భక్తి గురించి ఎవరైనా అడిగారా? ఎక్కువమంది మొక్కే దేవుణ్ణే ఆయనా మొక్కుతాడు కాబట్టి ఆయన్ను పరీక్ష పెట్టకుండానే పాస్ చేశారు. ఊళ్లో పది క్రైస్తవ ఇళ్లు, ఐదు ముస్లిం ఇళ్లు ఉంటే, వాళ్లను ఎట్లా చూస్తావని ఆయన్ను అడగాలి కదా. పెద్ద ప్రార్థన స్థలం కడతాననో, చిన్న పండుగకు లైట్లు ఇవ్వననో అంటే అది కూడా మత విషయమే. నేను ఆడదాన్ని కాబట్టి ఇంకోటి అడుగుతాను: బోనాల రోజు, ఉర్సు రోజు, క్రిస్మస్ రోజు తాగొచ్చి గొడవ చేసేవాళ్లను ఎవరి మతమని చూడకుండా ఆపుతావా అని. మా ఆడవాళ్లకు ఆ జవాబు చాలా ముఖ్యం.

జాన్‌పహాడ్ దారి:
గద్వాల అక్క మాట బాగుంది. నాగలి అన్నా, ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడగండి. ఆయన చర్చి గురించి ఆయన లేని చోట మాట్లాడటం కంటే అది నయం.

నీలగిరి నాగలి:
అడిగాం. నిన్న సాయంత్రం బడి ముందు వేపచెట్టు కింద యువజన సంఘం పిల్లలు ఇద్దరినీ పిలిచారు. మా అమ్మ కూడా వచ్చింది. ముందు మోటార్ల ఆయన్ను బొడ్రాయి సంగతే అడిగారు. ఆయన తడుముకోకుండా చెప్పాడు: "నేను కొబ్బరికాయ కొట్టను. నా మనసులో లేనిది మీ దేవత ముందు చేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. ఆ పని ఊరి పెద్దమనిషి చేస్తాడు, కమిటీ చూసుకుంటది. పండుగకు ముందు రోడ్లు ఊడిపించడం, లైట్లు వేయించడం, ఆడబిడ్డలు వచ్చే రోజు నీళ్లు తక్కువ కాకుండా చూడటం నా పని. దాంట్లో లోటు వస్తే నన్ను నిలదీయండి."

తర్వాత కాంట్రాక్టర్‌ను అడిగారు. మా ఊళ్లో దహనాలకు వైకుంఠధామం కట్టారు గానీ, పాతిపెట్టుకునేవాళ్లకు జాగా లేదు. క్రైస్తవుల ఇంట్లో చావు అయితే పక్క ఊరి దాకా మోసుకుపోతున్నారు. పోయిన వానాకాలం వాగు పొంగితే శవాన్ని ఒక రాత్రి ఇంట్లోనే పెట్టుకున్నారు. దానికి జాగా చూపిస్తారా అని ఒక పిల్లోడు అడిగాడు. ఆయన "చూద్దాం, ఊరి పెద్దలతో మాట్లాడాలి" అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. కోపంగా ఏమీ అనలేదు. సరేననీ అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున "శవాన్ని ఇంట్ల పెట్టుకున్న రాత్రి నేను పోయి ఆ పిల్ల పక్కన కూసున్న" అంది. ఎవరికి ఓటేస్తుందో నేనడగలేదు.

హాలియా రైతుబిడ్డ:
కొబ్బరికాయ కొట్టనని ముఖం మీద చెప్పినందుకు ఆ మనిషిని మెచ్చుకుంటాను. అయినా మా ఊళ్లో అయితే పీటల మీద కూర్చునే మనిషికే నా ఓటు. ఇది నా అభిప్రాయం, దాచుకోను. పాతిపెట్టే జాగా మాత్రం ఎవరు గెలిచినా ఇవ్వాల్సిందే. దాంట్లో ఊరి పెద్దలను అడిగేదేముంది?

అచ్చంపేట అడ్వకేట్:
జాగా సంగతి ఎన్నిక దాకా ఆపాల్సిన పని లేదు. ఊరి శివారులో ప్రభుత్వ భూమి ఎంత ఉందో తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబర్లతో సహా రాయించుకోండి. శ్మశానానికి కేటాయించమని కలెక్టర్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టొచ్చు. కొత్త పాలకవర్గం రాగానే గ్రామసభలో తీర్మానం చేయించి దానికి జత చేయండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాల్సిందే. మొదటి సభలోనే పెట్టించండి. సంతకాలు క్రైస్తవ ఇళ్లవే కాకుండా అన్ని వాడలవీ ఉంటే ఫైలు తొందరగా కదులుతుంది.

నీలగిరి నాగలి:
దరఖాస్తు నమూనా ఉంటే ఇక్కడ పెట్టండి సార్. మొదటి సంతకం మా ఇంటి నుంచే చేయిస్తాను.